పవర్ బీఐలో రేటు లుకప్: ఒక్కో వడ్ల రకానికి చాలా రేట్లుంటే ఏది తీసుకోవాలి?

కాంటా_చీటీ (మిర్యాలగూడ)

అందరికీ నమస్తే. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఎక్సెల్ బాగానే వచ్చు, రిపోర్టులు తయారుచేసే పవర్ బీఐ కొత్త.

నా దగ్గర రెండు టేబుళ్లున్నాయి. ఒకటి కొనుగోళ్లు. అందులో తేదీ, ఊరు, వడ్ల రకం, బస్తాలు, నికర క్వింటాళ్లు ఉంటాయి. రెండోది రేట్లు. అందులో రకం, రేటు, ఆ రేటు ఏ తేదీ నుంచి అనేది ఉంటుంది. సీజన్‌లో సన్న వడ్ల రేటు రోజూ మారుతుంది కాబట్టి ఒక్కో రకానికి చాలా వరుసలు ఉన్నాయి.

కొనుగోళ్ల టేబుల్లో కొత్త కాలమ్ పెట్టి, ఇంకో టేబుల్లో వెతికి విలువ తెచ్చే లుకప్‌వాల్యూ ఫంక్షన్‌తో రేటు తెచ్చుకుందామంటే కాలమ్ మొత్తం ఎర్రర్. ఒక్క విలువ రావాల్సిన చోట చాలా విలువలు వచ్చాయని అంటోంది. అదే డేటా మీద ఎక్సెల్‌లో అట్లాంటి పనే చేసే వీలుకప్ పెడితే చక్కగా రేటు వస్తోంది. పవర్ బీఐలోనే ఎందుకు రావట్లేదు? మా ఓనర్‌కు రకం వారీగా మొత్తం విలువ, సగటు రేటు కావాలి.

పాలమూరు_పట్టిక (మహబూబ్‌నగర్)

ఎక్సెల్‌లో చక్కగా రావట్లేదు తమ్మీ, మొదటి రేటు వస్తోంది. వీలుకప్ పైనుంచి కిందికి చూసుకుంటూ ఆ రకం ఎక్కడ మొదట కనపడితే అక్కడి రేటు ఇచ్చి ఊరుకుంటుంది. కింద ఇంకో ఇరవై రేట్లున్నా నోరెత్తదు. నవంబర్ మొదటి వారం రేటుతోనే డిసెంబర్ వడ్లకు కూడా విలువ కట్టి ఉంటుంది, ఒకసారి సరిచూసుకో.

లుకప్‌వాల్యూ అట్లా చేయదు. అడిగిన రకానికి వేర్వేరు రేట్లు దొరికితే ఏది కావాలో చెప్పమని ఆగిపోతుంది. దొరికిన వరుసలన్నింట్లో ఒకటే రేటు ఉంటే మాత్రం ఆ రేటు ఇచ్చేస్తుంది. అసలు దొరక్కపోతే ఖాళీ ఇస్తుంది. ఎర్రర్ వచ్చినందుకు సంతోషపడు.

కాంటా_చీటీ

తమ్మిని కాదన్నా, చెల్లెను. చూశాను, మీరన్నట్టే ఉంది. ఆర్‌ఎన్‌ఆర్ 15048 అనే సన్న రకం లారీలన్నిటికీ ఒకటే రేటు పడింది.

పేట_సమ్‌ఇఫ్స్ (సూర్యాపేట)

ఇంత ఎందుకు? లుకప్‌వాల్యూ తీసేసి ఆ రకానికి మ్యాక్స్ రేటు తీసుకోండి. ఎర్రర్ పోతుంది. లేదా లుకప్‌వాల్యూలోనే చివరన సున్నా ఇచ్చినా పోతుంది.

పాలమూరు_పట్టిక

ఎర్రర్ పోతుంది, రేటు మాత్రం రాదు. మ్యాక్స్ పెడితే సీజన్ మొత్తానికి అన్నిటికన్నా ఎక్కువ రేటు పడుతుంది. చివరన ఇచ్చే ఆ ప్రత్యామ్నాయ విలువ ఏమీ దొరకనప్పుడూ పడుతుంది, ఒకటికన్నా ఎక్కువ దొరికినప్పుడూ పడుతుంది. సున్నా పెడితే సగం లారీల విలువ సున్నా అయి కూర్చుంటుంది, మొత్తం చూసినవాళ్లకు అది తెలియను కూడా తెలియదు.

నీలగిరి_డేటా (నల్లగొండ)

చెల్లె, ముందు ఏ ఫంక్షన్ అనేది పక్కన పెట్టి, రేట్ల టేబుల్లో ఒక వరుస అంటే ఏమిటో ఒక వాక్యంలో రాసుకో. నీ దగ్గర అది "ఈ రకానికి ఈ తేదీ నుంచి ఈ రేటు". నువ్వు రకం ఒక్కటే ఇచ్చి వెతుకుతున్నావు. రకం ఒక్కటే ఇస్తే వరుస ఏదో తేలదు. ఆ రకానికి సంబంధించిన వరుసల్లో, కొన్న తేదీన గానీ అంతకు ముందు గానీ మొదలైన వాటిలో అన్నిటికన్నా ఆఖరిది కావాలి.

కొత్త కాలమ్‌లో ఇట్లా రాయాలి. మొదట రెండు వేరియబుల్స్ పెట్టుకో, ఈ వరుసలోని రకం ఒకటి, ఈ వరుసలోని తేదీ ఒకటి. మూడో వేరియబుల్‌లో రేట్ల టేబుల్‌ను ఫిల్టర్ చేసి, రకం సమానంగా ఉండి తేదీ మన తేదీకి మించనివి తీసుకుని, వాటిపై మ్యాక్స్‌ఎక్స్‌తో పెద్ద తేదీ పట్టుకో. ఆఖరున లుకప్‌వాల్యూకు రకం, ఆ పెద్ద తేదీ రెండూ ఇవ్వు. ఇప్పుడు ఒకటే వరుస తేలుతుంది.

అప్పటికీ ఎర్రర్ వస్తే ఒకే రకానికి ఒకే రోజు రెండు రేట్లు రాసి ఉన్నాయని అర్థం. అక్కడ ఫార్ములాను తిట్టి లాభం లేదు, రేటు రాసినవాళ్లను అడగాలి.

వనపర్తి_అక్క (వనపర్తి)

రెండు టేబుళ్లకూ రిలేషన్‌షిప్ (లింకు) కలిపి, ఆ లింకు మీదుగా విలువ తెచ్చే రిలేటెడ్ ఫంక్షన్ వాడితే సరిపోదా? నేను ఎప్పుడూ అదే వాడతాను, లుకప్‌వాల్యూ ముట్టుకోను.

నీలగిరి_డేటా

అక్కా, ఊరు, మండలం, జిల్లా రాసి ఉంచుకునే ఊరి టేబుల్‌కైతే రిలేటెడే సరైనది. ఒక ఊరికి ఒక వరుస ఉంటుంది కాబట్టి కొనుగోళ్ల వైపు నుంచి ఊరి వైపుకు రిలేటెడ్‌తో మండలం, జిల్లా తెచ్చుకోవచ్చు. నిజానికి తెచ్చుకోవాల్సిన పని కూడా ఉండదు, రిపోర్టులో నేరుగా ఊరి టేబుల్‌లోని మండలాన్ని లాగితే చాలు. రేట్ల దగ్గర అది కుదరదు. రిలేషన్‌షిప్ ఒక్క కాలమ్ మీదే నిలబడుతుంది, అది కూడా సమానమైతేనే కలుస్తుంది. "ఈ తేదీకి ముందున్న వాటిలో ఆఖరిది" అనే షరతు దానికి చెప్పలేము.

క్వెరీ_కొండ (దేవరకొండ)

లక్షల వరుసలున్న చోట నీలగిరి అన్న చెప్పిన కాలమ్ రిఫ్రెష్‌ను (డేటా మళ్లీ లోడ్ చేయడాన్ని) ఈడుస్తుంది, ఎందుకంటే ప్రతి కొనుగోలుకూ రేట్ల టేబుల్ మళ్లీ గాలించాలి. నేనైతే డేటా మోడల్‌లోకి రాకముందే దాన్ని సరిచేసే పవర్ క్వెరీలోనే పని ముగిస్తాను.

రేట్లను, కొనుగోళ్లను ఒకదాని కింద ఒకటి అపెండ్ చేయండి. రకం, ఆ తర్వాత తేదీ ప్రకారం సార్ట్ చేయండి. ఒకే తేదీలో రేటు వరుస పైన, కొనుగోలు వరుస కింద వచ్చేలా ఇంకో కాలమ్ పెట్టి దాన్నీ సార్ట్‌లో కలపండి. తర్వాత రేటు కాలమ్ మీద ఫిల్ డౌన్. పైనున్న రేటు కింది కొనుగోళ్లకు దిగుతుంది. ఆఖరున రేటు వరుసలు తీసేయండి.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, చాలామంది గమనించరు. హెచ్‌ఎంటీ రకం వడ్లకు మొదటి రేటు రాయకముందే ఒక లారీ వచ్చిందనుకోండి. ఫిల్ డౌన్‌కు రకం మారిందని తెలియదు. పైన ముగిసిన వేరే రకం ఆఖరి రేటును హెచ్‌ఎంటీ లారీకి దించేస్తుంది. అందుకే రకం వారీగా గ్రూప్ చేసి, ఒక్కో గ్రూపు లోపల ఫిల్ డౌన్ చేయాలి. రేటు లేని చోట ఖాళీ టెక్స్ట్ ఉన్నా ఫిల్ డౌన్ పనిచేయదు, అక్కడ నల్ (అసలు విలువే లేకపోవడం) ఉండాలి.

పేట_సమ్‌ఇఫ్స్

ఎక్స్‌లుకప్‌లో ఇదంతా ఒక లైన్ పని. సరిగ్గా అదే తేదీ లేకపోతే దానికన్నా చిన్నది తీసుకో అని చెప్పే ఆప్షన్ ఉంది. రకాన్ని ముందే ఫిల్టర్ చేసుకుంటే చాలు.

క్వెరీ_కొండ

ఉంది అన్నా, ఎక్సెల్ 2021లోనో 365లోనో. మన దగ్గర సగం ఆఫీసుల్లో ఇంకా 2016 నడుస్తోంది, అందులో ఎక్స్‌లుకప్ లేదు.

ఐకేపీ_ట్యాబ్ (నకిరేకల్)

కొంచెం పక్కకు పోతున్నా కానీ చెప్పాలి. మద్దతు ధర రేట్లు కూడా అదే టేబుల్లో పెడుతున్నారా? పెడితే "ఏ తేదీ నుంచి" అనే కాలమ్ జాగ్రత్త. 2025-26 ధర కేంద్ర కేబినెట్ 2025 మే 28న ఆమోదించింది. క్వింటాల్‌కు సాధారణ రకం 2,369 రూపాయలు, ఏ గ్రేడ్ 2,389. చాలామంది ప్రకటించిన తేదీనే మొదలు తేదీగా రాసేస్తారు. అట్లా రాస్తే జూన్‌లో తూకమైన యాసంగి వడ్లకు కూడా కొత్త ధర పడుతుంది. అవి 2024-25 సీజన్ వడ్లు, వాటి ధర 2,300, 2,320. కొత్త మార్కెటింగ్ సీజన్ అక్టోబర్ నుంచి మొదలవుతుంది. క్యాలెండర్ సంవత్సరం పెట్టి వెతికినా ఇదే గోల, ఎందుకంటే 2025లో రెండు సీజన్ల వడ్లు ఉంటాయి.

నా లెక్కలో మద్దతు ధరను తేదీతో వెతకడమే తప్పు. కొనుగోలు వరుసలోనే సీజన్ రాసి, సీజన్, గ్రేడ్ రెండూ కలిపి వెతకాలి. సన్న రకాలకు రాష్ట్రం 2024 వానాకాలంలో మొదలుపెట్టిన క్వింటాల్‌కు 500 బోనస్‌ను రేటులో కలపకండి, వేరే కాలమ్ పెట్టండి. కలిపితే మద్దతు ధర ఎంత, బోనస్ ఎంత అని అడిగిన రోజు విడదీయడానికి కూర్చోవాలి.

కాంటా_చీటీ

ఈ రిపోర్టులో మద్దతు ధర లేదన్నా, మిల్లు నేరుగా రైతుల దగ్గర కొన్నవే. నీలగిరి అన్న చెప్పినట్టు కాలమ్ రాశాను, ఎర్రర్ పోయింది. కానీ ఇంకో చిక్కు. మా రేట్ల టేబుల్ అంటే ఓనర్ పొద్దున వాట్సాప్‌లో పెట్టే రేటు. తేమ ఎక్కువున్నా తాలు ఎక్కువున్నా ట్రాక్టర్ దగ్గర బేరం జరిగి రేటు తగ్గుతుంది. రైతుకు ఇచ్చే బిల్లులో ఆ తగ్గిన రేటే ఉంటుంది.

నీలగిరి_డేటా

అయితే మనం ఇంతసేపూ లేని సమస్యకు మందు రాస్తున్నాం! బిల్లులో రేటు ఉన్నప్పుడు దాన్ని వెతికి తేవడం దేనికి? రైతుకు ఎంత ఇచ్చారో అది జరిగిపోయిన విషయం, కొనుగోలు వరుసలోనే ఉండాలి. పొద్దున రేటు నుంచి లెక్కగట్టి తెచ్చిన విలువ ఎన్నడూ మీ క్యాష్ బుక్‌తో కలవదు.

అట్లాగని లుకప్ పారేయకు. రెండూ ఉంచు. బిల్లు రేటు ఒక కాలమ్, పొద్దున రేటు లుకప్‌తో ఇంకో కాలమ్. రెండింటి తేడాను క్వింటాళ్లతో గుణిస్తే, తేమ, తాలు పేరు మీద ఏ ఊరి వడ్లకు ఎంత కోత పడుతోందో రకం వారీగా కనపడుతుంది. మీ ఓనర్ అడిగినదానికన్నా అదే పనికొచ్చే రిపోర్టు. కాంటా దగ్గర ఎవరు ఎక్కువ కోస్తున్నారో కూడా అందులోనే తేలుతుంది, అది చూపించాలా వద్దా అన్నది నీ ఇష్టం.

కాంటా_చీటీ

చూపిస్తానన్నా, ముందు జీతం పడనీ. 😄

బిల్లు రేటు కాలమ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది, తెచ్చుకున్నాను. ఇప్పుడు కింద మొత్తం దగ్గర ఇబ్బంది. విలువ అనే మెజర్ (రిపోర్టులోని ఫిల్టర్లను బట్టి లెక్క కట్టే ఫార్ములా) ఇట్లా రాశాను: క్వింటాళ్ల సమ్ ఇంటూ రేటు యావరేజ్. రోజు వారీగా కొన్ని వరుసలు సరిగానే ఉన్నాయి, కొన్ని లేవు, అడుగున మొత్తం అయితే బిల్లుల మొత్తంతో అసలు కలవట్లేదు.

పాలమూరు_పట్టిక

చిన్న లెక్క వేసి చూడు. 100 క్వింటాళ్లు 2,300 చొప్పున, 20 క్వింటాళ్లు 2,800 చొప్పున కొన్నావు. ఇచ్చింది 2,30,000, 56,000. మొత్తం 2,86,000. నీ మెజర్ ఏం చేస్తుందంటే రేట్ల సగటు 2,550 తీసి 120తో గుణిస్తుంది, 3,06,000 వస్తుంది. ఇరవై వేలు గాలిలోంచి వచ్చాయి. ఒక రోజంతా ఒకటే రేటు ఉన్న చోట సరిపోతుంది కాబట్టే కొన్ని వరుసలు సరిగా కనపడ్డాయి.

సమ్‌ఎక్స్ వాడు. కొనుగోళ్ల టేబుల్ మీద వరుస వరుసకూ క్వింటాళ్లు ఇంటూ రేటు వేసి, తర్వాత కూడుతుంది. సగటు రేటు కావాలంటే ఆ సమ్‌ఎక్స్‌ను క్వింటాళ్ల సమ్‌తో భాగించు, డివైడ్ ఫంక్షన్‌తో. పై లెక్కలో 2,383 చిల్లర వస్తుంది. మీ ఓనర్ అడిగే సగటు అదే.

ఇంకొకటి. పవర్ బీఐ అడుగున చూపించే టోటల్ పై వరుసల కూడిక కాదు. అదే మెజర్‌ను ఫిల్టర్లు తీసి మొత్తం డేటా మీద మళ్లీ వేస్తుంది. ఎక్సెల్ నుంచి వచ్చిన వాళ్లందరూ ఇక్కడే తగులుకుంటారు. మెజర్‌లో సెలెక్టెడ్‌వాల్యూతో (ఒకటే విలువ ఉంటే దాన్ని ఇచ్చే ఫంక్షన్) రకం పట్టుకుని లుకప్ చేస్తే టోటల్ దగ్గర ఖాళీ రావడానికి కూడా ఇదే కారణం. అక్కడ రకం ఒకటి కాదు, అన్నీ ఉంటాయి.

వనపర్తి_అక్క

ఈ సగటు మాట వచ్చింది కాబట్టి, పల్లికాయ వాళ్ల కోసం చెప్తున్నా. మార్కెట్ యార్డు రోజువారీ నివేదికలో కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడు ధరలు ఇస్తారు. మా దగ్గర ఒకరు నెల మోడల్ ధరలన్నీ కూడి రోజుల సంఖ్యతో భాగించి "నెల సగటు" అని చార్టు గీశారు. పది బస్తాలు వచ్చిన రోజూ పది లారీలు వచ్చిన రోజూ దాంట్లో సమానం. ఆ రోజు యార్డుకు వచ్చిన క్వింటాళ్లతో తూచి సగటు తీయాలి. అప్పుడు కూడా అది ఉజ్జాయింపే, ఎందుకంటే మోడల్ అంటే ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడైన ధర, సగటు కాదు. కనిష్ఠానికి నెల కనిష్ఠం, గరిష్ఠానికి నెల గరిష్ఠం తీసుకోవచ్చు, వాటితో తంటా లేదు.

కాంటా_చీటీ

సమ్‌ఎక్స్‌తో బిల్లుల మొత్తం రూపాయితో సహా కలిసింది. పాలమూరు అన్నకు దండం.

సమ్మరైజ్ ఫంక్షన్‌తో రకం వారీగా ఒక కొత్త టేబుల్ కూడా చేశాను. అందులో లెక్క సరిగానే ఉంది కానీ పైన నెల ఎంచుకునే స్లైసర్ మారిస్తే అది మారట్లేదు.

నీలగిరి_డేటా

మారదు. పవర్ బీఐ డేటా మోడల్‌లో అట్లా చేసిన టేబుల్ రిఫ్రెష్ అయినప్పుడే లెక్క కడుతుంది, స్లైసర్ చూసి మళ్లీ కట్టదు. నీకు ఆ టేబుల్ అవసరమే లేదు. రిపోర్టులో మ్యాట్రిక్స్ అనే పట్టిక విజువల్‌లో రకం, దాని పక్కన రెండు మెజర్లు పెట్టు, అదే సమ్మరీ.

సమ్మరైజ్ మెజర్ లోపల పనికొస్తుంది. ఉదాహరణకు ఒక్కో రైతు ఒక్కో రోజు అమ్మిన మొత్తాలు కట్టి, వాటి సగటు తీయాలంటే ముందు రైతు, తేదీ వారీగా గుంపులు కావాలి. అక్కడ కూడా గుంపులు కట్టడానికే సమ్మరైజ్ వాడి, లెక్క కాలమ్‌ను యాడ్‌కాలమ్స్‌తో చేర్చడం మంచిది. సమ్మరైజ్ లోపలే లెక్కలు రాస్తే కొన్ని చోట్ల ఊహించని సంఖ్యలు వస్తాయి.

పేట_సమ్‌ఇఫ్స్

ఒప్పుకున్నా, టోటల్ విషయం నాకూ కొత్తే. ఇక నా ప్రశ్న. ఇది లుకప్పే కానీ రేట్లది కాదు, జిల్లాది. 2014 నుంచి కొనుగోళ్లున్నాయి. మండలం నుంచి జిల్లా తెచ్చి గ్రాఫ్ గీస్తే నల్లగొండ 2016 తర్వాత ఒక్కసారి పడిపోయింది. పంట తగ్గిందా అని సార్లు అడుగుతున్నారు.

ఐకేపీ_ట్యాబ్

పంట కాదన్నా, జిల్లానే తగ్గింది. 2016 అక్టోబర్ 11న సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరయ్యాయి. పాత రికార్డులో అప్పటి జిల్లా పేరు, కొత్త రికార్డులో ఇప్పటి పేరు ఉంటే గ్రాఫ్ అట్లాగే పడుతుంది. అటువైపు మహబూబ్‌నగర్ కూడా అంతే, అదే రోజు నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరయ్యాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా పోయింది. అక్కడ గ్రాఫ్ రెండుసార్లు పడుతుంది.

మండలాన్ని కూడా నమ్మొద్దు. కొండమల్లేపల్లి, మాడుగులపల్లి, అడవిదేవులపల్లి లాంటివి 2016లో వచ్చిన మండలాలు. ఊరి దగ్గర నుంచే మొదలుపెట్టాలి. ఊరి టేబుల్లో పాత జిల్లా, కొత్త జిల్లా అని రెండు కాలమ్స్ పెట్టు. ఏళ్ల పోలికకు ఏదో ఒకటే వాడు, రెండూ ఒకే గ్రాఫ్‌లో కలపకు. లుకప్‌కు ఊరి పేరు వాడకు, కేంద్రం లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి ఊరికీ ఒక కోడ్ ఉంది, అది వాడు. ఒకే పేరుతో ఎన్ని ఊళ్లున్నాయో నీకు తెలియంది కాదు.

కాంటా_చీటీ

ఊర్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. నేను పవర్ క్వెరీలో రెండు టేబుళ్లను ఊరి పేరుతో మెర్జ్ చేశాను (కలిపాను), పేర్లు తెలుగులో ఉన్నాయి. చాలా ఊర్లకు మండలం నల్ వస్తోంది. రెండు వైపులా పేరు అక్షరం అక్షరం ఒకటే. ట్రిమ్ చేశాను, ఫలితం లేదు.

క్వెరీ_కొండ

తెలుగులో టైప్ చేసే వాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలేదే. కంటికి కనపడని అక్షరం ఒకటి ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా కీబోర్డులు దాన్ని చొప్పిస్తాయి. నార్కట్‌పల్లి అని రాస్తే ట్ తర్వాత అదే ఉంటుంది. పేరు మధ్యలో ఉంటే తేడా కనపడుతుంది కానీ, పొల్లుతో ముగిసే పేరు చివర ఉంటే కంటికి ఏమీ తెలియదు. కనగల్, నాంపల్లి రెండింటినీ చూడండి, నల్ వచ్చేది కనగల్‌కే అయి ఉంటుంది.

అది స్పేస్ కాదు కాబట్టి ట్రిమ్‌తో పోదు. పవర్ క్వెరీలో క్యారెక్టర్ ఫ్రమ్ నంబర్ ఫంక్షన్‌కు 8204 ఇస్తే ఆ అక్షరం వస్తుంది. టెక్స్ట్ రీప్లేస్‌తో దాన్ని తీసేయండి, రెండు టేబుళ్లలోనూ. ఇది వెతకడానికి మాత్రమే పనికొచ్చే కాలమ్‌గా వేరే ఉంచండి, రిపోర్టులో చూపించే పేరును ముట్టుకోవద్దు, లేకపోతే నార్కట్పల్లి అని ఒత్తు పడి కనపడుతుంది.

ఇంగ్లిష్‌లో పేర్లున్న వాళ్లకు ఇంకోటి. పవర్ క్వెరీ మెర్జ్ పెద్దక్షరాలు, చిన్నక్షరాలు వేరుగా చూస్తుంది. మోడల్‌లోని రిలేషన్‌షిప్ ఆ తేడా చూడదు. రిలేషన్‌షిప్‌లో కలిసింది మెర్జ్‌లో కలవకపోవడానికి అదే కారణం.

కాంటా_చీటీ

కనగల్, మర్రిగూడెం... ముందుది మీరన్నట్టే. 8204 తీసేశాక చాలా ఊర్లు కలిశాయి. మర్రిగూడెంలో ఎవరో ఒక చోట చివరి సున్నా (ం) మరిచారు, అది నేనే దిద్దుకున్నాను. ఇంకా మిగిలినవి రకాలు. ఒక చోట ఆర్‌ఎన్‌ఆర్, ఒక చోట తెలంగాణ సోనా, ఒక చోట ఉత్త 15048.

పాలమూరు_పట్టిక

మూడూ ఒకటే వంగడం. దానికి ఫార్ములా వెతకకు. "రాసిన పేరు, అసలు పేరు" అని రెండు కాలమ్స్ ఉన్న చిన్న టేబుల్ పెట్టుకో. కొత్త పేరు తగిలినప్పుడల్లా ఒక వరుస చేర్చు. రిపోర్టులో ఒక మూల మండలం దొరకని, రేటు దొరకని వరుసల లెక్క చూపించే కార్డు కూడా పెట్టు. లుకప్ ఖాళీ ఇస్తే ఖాళీ ఇంటూ క్వింటాళ్లు కూడా ఖాళీయే, ఆ లారీ మొత్తంలోంచి మెల్లగా జారిపోతుంది. ఆ కార్డులో సున్నా లేని రోజు రిపోర్టు పైకి పంపకు.

కాంటా_చీటీ

పెట్టాను. ఇప్పుడు 14 చూపిస్తోంది, అన్నీ ఒకే కాంటా దగ్గర రకం రాయకుండా వదిలేసిన చీటీలు.

గద్వాల_నేత (గద్వాల)

మంచి చర్చ. ఇదే పద్ధతిలో చీర డిజైన్ నంబరుతో నూలు ఖర్చు తెచ్చుకోవచ్చా? ఒక చీరకు మూడు నాలుగు రకాల నూలు పోతుంది.

నీలగిరి_డేటా

తెచ్చుకోవచ్చు, కానీ అక్కడ ఒక చీరకు చాలా వరుసలు నిజంగానే కావాలి, ఒక్కటి ఎంచుకునే పని కాదు, అన్నీ కూడే పని. రిలేటెడ్‌టేబుల్ (ఆ చీరకు లింకైన వరుసలన్నీ ఇచ్చే ఫంక్షన్) మీద సమ్‌ఎక్స్ వాడాలి. మీ టేబుళ్లలో కాలమ్స్ ఏమున్నాయో రాసి వేరే థ్రెడ్ తెరవండి అన్నా, ఇక్కడ వడ్లలో కలిసిపోతుంది.